జల్లెడ మీద నిలిచిన గడ్డలు

కిందటి వారం మనం కథ ఆపినచోట మేస్త్రీ అన్నం ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎందుకు పడుకున్నాడో మరిచిపోయినవాళ్లకి నాలుగు ముక్కల్లో చెప్తాను. ఊరి చివర కొత్త వరసలో దర్జీకి ఇల్లు కట్టింది ఈ మేస్త్రీయే. పోయిన వానల్లో ఆ ఇంటి పక్కగోడ విరిగి దర్జీ భార్య నడుం మీద పడింది. ఆమె మళ్లీ మంచం మీంచి లేవలేదు. సిమెంటు మింగేశాడని వీధి వీధంతా మేస్త్రీని ఆడిపోసుకుంది. అప్పట్నుంచి ఆయనకి పని చెప్పినవాడు లేడు. ఆ కూలిన గోడని ఆనుకునే ఆయన సొంత స్థలం ఉంది. "నేనూ ఇక్కడే కడతా, ఇక్కడే కాపురం ఉంటా, నా గోడ నిలబడుతుందో లేదో అందరూ చూద్దురుగాని" అని పంతం పట్టాడు. మట్టి పరీక్షల ల్యాబ్‌లో పనిచేసే కోడలు, ముందు నేల సంగతి తేల్చుకుందాం అంది. మామగారు స్థలంలో గుంట తవ్వి సంచీడు మట్టి తెచ్చిచ్చాడు. ఆమె పరీక్ష చేసింది. మట్టి మంచిదని తేలింది.

ఇంట్లో అందరూ సంతోషపడ్డారు. ఆయన పడుకున్నాడు.

మట్టి మంచిదైతే దర్జీ గోడ మట్టి వల్ల కూలలేదు. మట్టి వల్ల కాకపోతే కట్టినవాడి చేతివల్లే కూలింది. అదే మట్టి చెడ్డదైతే ఆయన పేరు నిలబడుతుంది, ఆయన ఇల్లు మాత్రం నిలబడదు. ఇల్లు కావాలంటే పేరు పోవాలి, పేరు కావాలంటే ఇల్లు పోవాలి. పరీక్ష చేసిన కోడలికీ, పడుకున్న మామకీ తప్ప ఆ ఇంట్లో ఈ సంగతి ఇంకెవరి బుర్రకీ ఎక్కలేదు.

పొద్దున్నే అత్త గిన్నెలు తోముతూ, ఇంకా కట్టని ఇంట్లో కాపురం పెట్టేసింది.

"వంటగట్టు నా నడుం ఎత్తుకి పెట్టమను మీ నాన్నని. ఈ కొంపలో వంగి వంగి నా వీపు విల్లయిపోయింది. కిటికీ పెద్దది పెట్టాలి. పొగంతా బయటికి పోవాలి. ఈ ఇంటి ఓనరు మొహం ఇంకో వానాకాలం చూడలేను నేను. వెళ్లిపోండి వెళ్లిపోండి అంటాడు, కుక్కని తోలినట్టు."

"వెళ్లిపోదామమ్మా. సోమవారం పునాది గుంటలు మొదలు" అన్నాడు కొడుకు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. సిటీ బస్సు నడుపుతాడతను. బయల్దేరిన పని మధ్యలో ఆగితే భరించలేడు. "నా పెళ్లాం మట్టిని పాస్ చేసేసింది కదా. ఫస్టు క్లాసు."

"మరి మీ నాన్నేంట్రా అలా కర్రలా బిగుసుకుని పడుకున్నాడు?"

"ఆయనకి సంతోషం ఒంటబట్టడానికి టైం పడుతుందిలే. అలవాటు లేదు కదా."

అత్త నవ్వింది. కోడలు నవ్వలేదు. టీ గ్లాసు పట్టుకుని పక్కగదిలోకి వెళ్లింది.

మేస్త్రీ లేచే ఉన్నాడు. మంచం మీద కూర్చుని, అరచేతులు రెండూ ఒళ్లో పరుచుకుని చూసుకుంటున్నాడు. సిమెంటుకి గోళ్ల చుట్టూ చర్మం తినేసిన చేతులు.

"అమ్మాయ్, నీ పరీక్ష తప్పడానికేమైనా ఉందా?"

"లేదు మామయ్యా. తిప్పి మళ్లీ చేశాను."

అనేసి నాలుక కరుచుకుంది. ల్యాబ్‌లో ఎవడో ఇంజినీరు అడిగితే చెప్పినట్టు చెప్పేసింది.

"ఊఁ. అయితే నేనే."

"అలా అనకండి మామయ్యా."

"ఆ గోడ లేపేటప్పుడు నాకు ఒంట్లో బాగాలేదు. ఇటుకలు సరిగ్గా తడపలేదేమో. సిమెంటు మాల్లో నీళ్లు ఎక్కువ పడ్డాయేమో. కలిపేవాణ్ణి కలపమని చెప్పి నేను నీడలో కూర్చున్నానేమో. ఏమో. జ్ఞాపకం లేదు. అయ్యే ఉంటుంది."

నెలల తరబడి "నా చెయ్యి తప్పు చెయ్యలేదు" అన్న మనిషి ఈయన. వీధిలో పిల్లలు "గోడకూలు తాత" అని వెంటపడినా ఆ ఒక్క మాట మీదే నిలబడ్డాడు. ఇప్పుడు చెయ్యని తప్పులు తానే వెతుక్కుంటున్నాడు. మనిషిని కొట్టి ఒప్పించడం చూశాం. మట్టి పరీక్షతో ఒప్పించడం ఇదే మొదటిసారి చూడటం.

"రేపు సాయంత్రం సంఘం మీటింగుంది కదా" అన్నాడు. తాపీ పనివాళ్ల సంఘానికి ఆయన పాత సభ్యుడు. గోడ సంగతి తేల్చడానికే ఆ మీటింగు పెట్టారు. "లేచి చెప్పేస్తా. నా చేతి తప్పే, తాపీ దించేస్తున్నా అని. తర్వాత మీ ఇల్లు మీరు ఎవరిచేతైనా కట్టించుకోండి. నేను ఇటుక ముట్టను."

"మీ ఇల్లు మీరు కట్టకుండానా?"

"దర్జీ పెళ్లాన్ని చూశావా నువ్వు? నేను చూశాను. లోపలికి వెళ్లే మొహం లేక కిటికీలోంచి చూశాను." టీ వైపు చూడనైనా చూడలేదు.

ల్యాబ్‌కి బస్సెక్కాల్సిన కోడలు ఆ పొద్దున కొత్త వరస దారి పట్టింది. ఎందుకు పట్టిందో ఆమెకే తెలియదని రాస్తే బాగానే ఉంటుంది, కానీ అది అబద్ధం. ఆమెకి తెలుసు. బయటివాళ్ల స్థలమైతే ల్యాబ్ మనిషే వెళ్లి, గుంట దగ్గర నిలబడి, మట్టి తీయించుకుంటాడు. ఎవరో తెచ్చిచ్చిన సంచిని బల్ల మీద కూడా పెట్టనివ్వరు. మామగారు సంచి తెచ్చినప్పుడు మాత్రం, "మీరు తెచ్చింది చెల్లదు మామయ్యా" అనడానికి ఆమెకి నోరు రాలేదు. మర్యాద అడ్డొచ్చింది. ఇళ్లలో మర్యాద చేసిన నష్టం దొంగలు కూడా చేసి ఉండరు.

కొత్త వరస అంటే పెద్ద పేరే. ఒక మట్టి రోడ్డు, దానికి రెండు పక్కలా రాళ్లు పాతిన స్థలాలు, మధ్య మధ్య సున్నం కొట్టిన చిన్న చిన్న ఇళ్లు. నేలకి గీతలు గీసి ముక్కలుగా అమ్మినవాడు అమ్మేసి వెళ్లిపోయాడు. కింద ఏముందో వాడు చెప్పలేదు. కొన్నవాళ్లు అడగలేదు. అడగొచ్చని వాళ్లకి ఎవరు చెప్పారు గనక? గోడ కూలినరోజు కూడా వాడి పేరు ఒక్కరి నోటా రాలేదు. తాపీ పట్టినవాడి పేరు మాత్రం అందరికీ నోటికి వచ్చు.

మేస్త్రీ ఆమెకంటే ముందే వచ్చి ఉన్నాడు. పార పట్టుకుని పరీక్ష గుంట పూడుస్తున్నాడు.

"ఎవరైనా పడితే ఆ పుణ్యం కూడా నాకే దక్కుతుంది" అన్నాడు, తలెత్తకుండా.

కోడలు గుంట అంచున చతికిలబడి లోపలికి చూసింది. పైన జానెడు ఎర్ర గరప మట్టి. దాని కింద ఇసకా మట్టీ కలిసిన పొర. ఆ పొరలో అక్కడక్కడా నల్లగా, పుచ్చిన పళ్లలాంటి మచ్చలు. తన బల్ల మీదికి వచ్చిన మట్టి మెత్తగా, లేత గోధుమ రంగులో, పౌడర్‌లా ఉంది. అందులో నలుపన్నదే లేదు.

తలెత్తి చుట్టూ చూసింది. సరిహద్దు రాయికి చేరేసి ఇనప వల జల్లెడ ఒకటి ఉంది. దాని పాదాల దగ్గర చిన్న కుప్ప.

"ఆ కుప్పేంటి మామయ్యా?"

"చెత్త. గడ్డలు."

"ఎక్కడివి?"

"ఇందులోవే. జల్లెడ మీద నిలిచినవి."

"ఏ జల్లెడ మీద?"

"ఏ జల్లెడేంటి, అదిగో, నా జల్లెడ. కనబడట్లా?"

"నాకిచ్చిన మట్టిని జల్లెడ పట్టారా?"

"పట్టకుండా ఎలా ఇస్తాను?" పొద్దున్నుంచి చచ్చిన గొంతులో మాట్లాడుతున్న మనిషికి ఇప్పుడు కోపం వచ్చింది. "జల్లెడ పట్టని ఇసక ఒక్క తట్ట పోనివ్వలేదు నా చేతిలోంచి, ఇన్నేళ్లలో. మీ ఆఫీసులో అందరి ముందూ గడ్డలూ వేళ్లూ ఉన్న మట్టి పెడితే నిన్నేమనుకుంటారు? ఈ అమ్మాయి మామ తాపీ మేస్త్రీ అట, మట్టి కూడా శుభ్రంగా తేవడం చేతకాలేదు అనుకోరూ? ఒకసారి పట్టి, మళ్లీ పట్టాను. పిండిలా చేసి ఇచ్చాను. నీ పరువు కోసం."

కోడలికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. రెండూ మింగేసింది.

"మేమూ జల్లెడ పడతాం మామయ్యా. కానీ ముందు నూరతాం. గడ్డలన్నీ కల్వంలో వేసి, నలిగి పొడయ్యేదాకా నూరి, ఆ తర్వాత పడతాం. మట్టిలో ఏదీ పారెయ్యం."

"గడ్డల్ని నూరడం దేనికి? రాళ్లవి."

ఆమె ఒక నల్ల గడ్డ తీసి, తన సీసాలో నీళ్లు దాని మీద పోసి, బొటనవేలితో రుద్దింది. కాసేపటికి గడ్డ మెత్తబడి, సబ్బులా జారి, వేళ్లకి జిగురుగా అంటుకుంది. ఆ చెయ్యి ఆయన ముందుకి చాచింది.

"రాయి ఇలా అంటుకుంటుందా? ఇది బంకమట్టి. ఎండకి ఎండి రాయిలా అయింది. మామయ్యా, మీరు నాకు మట్టిలో మంచిదంతా ఏరి ఇచ్చారు. చెడ్డదంతా ఇక్కడ కుప్ప పోశారు."

మేస్త్రీ పార నేలకి ఆనించాడు.

"అంటే మట్టి మంచిది కాదా?"

"ఇవి కూడా నూరి చూస్తేగానీ చెప్పలేను."

"మంచిది కాకపోతే దర్జీ గోడ..."

"అవును మామయ్యా. మీ చెయ్యి కాదు."

ఆయన మొహంలోకి ఏదో వెలుగు వచ్చింది. వచ్చి నిలవలేదు.

"అప్పుడు ఇల్లో?"

కోడలు జిగురంటిన వేళ్ల మీద సీసాలో నీళ్లు పోసుకుంది.

"మీ అత్తయ్య పొద్దున్న గట్టు ఎత్తు కూడా చెప్పింది" అన్నాడు మేస్త్రీ. "నాకు వినబడింది."

"బాగుంది నాటకం. కానివ్వండి, కానివ్వండి."

గొంతు కూలిన గోడ అవతలనుంచి వచ్చింది. విరిగిన ఇటుకల మీద కాలు పెట్టి దర్జీ నిలబడి ఉన్నాడు. మెడలో టేపు వేలాడుతోంది. ఎప్పట్నుంచి వింటున్నాడో తెలియదు.

"నిన్న మట్టి మంచిదన్నారు. మీ ఆయన బస్సెక్కినవాళ్లందరికీ చాటింపు వేశాడు. ఇవాళ మామగారి మొహం చూసేసరికి మట్టి చెడిపోయిందా అమ్మాయ్? అయితే నేనూ ఇక కుట్టు చెడితే గుడ్డదే తప్పంటాను."

"అది కాదు బాబాయ్, తెచ్చిన మట్టిలోనే పొరపాటు..."

"పొరపాటు మట్టిది, పొరపాటు జల్లెడది, పొరపాటు వానది. మనుషులది మాత్రం కాదు. సరే, మట్టిదే తప్పనుకో. మట్టిని తీసుకెళ్లి ఏ బోనులో నిలబెట్టను? మట్టి వచ్చి నా పెళ్లానికి పక్క మారుస్తుందా? ఆయన్నయితే రేపు సంఘంలో నిలబెడతారు. అందరూ చూస్తారు. నాకు అదొక్కటైనా మిగలనివ్వండి."

మేస్త్రీ తల వంచుకున్నాడు. ఆ ఇద్దరూ ఒకప్పుడు అన్నా అంటే తమ్ముడా అనుకున్నవాళ్లు. ఇల్లు కడుతున్నన్నాళ్లూ మేస్త్రీకి టీ ఆ ఇంటినుంచే వచ్చేది.

లోపలినుంచి ఆడగొంతు వినిపించింది. "ఎవరది? మేస్త్రీ కోడలా? లోపలికి రమ్మను."

"నువ్వు పడుకో" అన్నాడు దర్జీ.

"పడుకోక పరిగెత్తుతున్నానా? రమ్మను."

కోడలు వెళ్లింది. ఒకటే గది. ఒక పక్క కుట్టు మిషను, దాని మీద సగం కుట్టిన లంగా. ఇంకో పక్క మంచం. పోయిన గోడ స్థానంలో రేకులు నిలబెట్టి తాళ్లతో కట్టారు. మంచం మీద మనిషి మొహం ఉబ్బి, తెల్లగా ఉంది. కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి.

"ఆ కుర్చీ మీద బట్టలు కింద పెట్టి కూర్చో. అందరూ వచ్చారు, పోలీసులొచ్చారు, సంఘం వాళ్లొచ్చారు, ఈయన్ని అడిగారు, పక్కింటివాళ్లని అడిగారు. గోడ నా మీద పడింది గానీ నన్ను ఒక్కరూ అడగలేదు."

"నేను అడుగుతున్నాను పిన్నీ. గోడ పడకముందు ఇంట్లో ఏమైనా తేడాగా ఉండేదా?"

"తేడా కాక? వాన పడితే ఆ తలుపు పట్టేసేది. ఎండలొస్తే దానంతటదే వదులయ్యేది. ఈయన అంచు చెక్కించాడు, మళ్లీ అదే. గది మధ్యలో నేల ఉబ్బిపోయేది. బోర్లించిన మూకుడులాగ. కడిగితే నీళ్లు నాలుగు పక్కలా గోడల్లోకి పోయేవి. ఈయనతో చెప్తే, నువ్వు కడిగేది చాలక అన్నాడు. నేలే కదిలిందమ్మా. గోడ దాని వెనకాలే పోయింది."

"అవన్నీ ఇప్పుడెందుకు?" అన్నాడు దర్జీ గుమ్మంలోంచి.

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడు, నేను లేచి తిరుగుతున్నప్పుడా?"

కోడలు లేచి దర్జీ ఎదురుగా నిలబడింది.

"బాబాయ్, మీరు నన్ను నమ్మొద్దు. ఆ గడ్డలు మీరే ఏరుకోండి. మీ సంచిలోనే వేసుకోండి. ల్యాబ్‌కి వచ్చి మీ చేత్తోనే నూరండి, మీ చేత్తోనే పొయ్యండి. నేను ముట్టుకోను."

అతను చాలాసేపు మంచం వైపు చూశాడు. తర్వాత కుట్టుబల్ల కింద నుంచి సంచి తీశాడు.

మట్టి పరీక్షంటే ఏదో పెద్ద యంత్రం ఉంటుందని దర్జీ అనుకున్నాడు. అక్కడ ఉన్నవి ఒక కల్వం, ఒక వేడిపెట్టె, ఒక చిన్న జల్లెడ, గీతలు గీసిన గాజు గొట్టాలు రెండు. గడ్డల్ని నూరాడు, చెయ్యి నొప్పెట్టేదాకా నూరాడు. ఆ పొడిని వేడిపెట్టెలో ఆరబెట్టి, జల్లించి, రెండు గొట్టాల్లోనూ సమానంగా పోశాడు. గుడ్డ కత్తిరించే చేతులు గనక కొలత వెంట్రుకవాసి తేడా రాలేదు. తర్వాత ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో కిరోసిన్ పోసి కలియబెట్టాడు.

"కిరోసిన్ దేనికి?"

"కిరోసిన్‌ని మట్టి తాగదు బాబాయ్. అందులో ఎంత పోశామో అంతే ఉంటుంది. నీళ్లు తాగి ఉబ్బే మట్టైతే ఈ పక్కదాంట్లో లేస్తుంది. పక్కపక్కన పెట్టి చూస్తే దొంగెవరో తెలిసిపోతుంది. రేపు మధ్యాహ్నందాకా కదపకూడదు."

దర్జీ జేబులోంచి నల్లదారం తీసి రెండు గొట్టాల మూతులకీ గుడ్డ కట్టి ముళ్లు వేశాడు.

"నా ముడి నేను పోల్చుకోగలను" అన్నాడు. "ఎవరు విప్పినా తెలుస్తుంది."

"అందుకే మిమ్మల్ని రమ్మన్నాను."

మర్నాడు మబ్బు కమ్మింది. ల్యాబ్‌లో మధ్యాహ్నానికే లైటు వెయ్యాల్సి వచ్చింది. దర్జీ అప్పటికే వచ్చి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. కాసేపటికి మేస్త్రీ వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు, మీటింగుకి వేసుకునే చొక్కా. చేతిసంచిలో తాపీ ఉంది, పిడి పైకి కనబడుతోంది. దించెయ్యడానికే తెచ్చుకున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు పలకరించుకోలేదు.

గొట్టాలు చూడటానికి చదువేమీ అక్కర్లేదు. కిరోసిన్‌లో మట్టి పోసినచోటే అడుగున పడుంది. నీళ్లలో మట్టి దానికి రెండింతలు దాటి లేచి, నల్లగా, జావలా కూర్చుంది.

దర్జీ ముళ్లు చూశాడు. దారం తన వేళ్ల మధ్య తిప్పి చూశాడు. తనవే. మెడలో టేపు తీసి ఒక గొట్టం కొలిచాడు, రెండోది కొలిచాడు, నమ్మకం లేక మళ్లీ మొదటిది కొలిచాడు. టేపు చేతిలోంచి జారిపోయింది.

"అన్నా" అన్నాడు. గోడ పడ్డాక ఆ నోటినుంచి ఆ మాట రావడం ఇదే మొదటిసారి. "నీ మొహం మీద ఉమ్మేశాను నేను. నడివీధిలో."

మేస్త్రీ వినలేదు. ఆయన నీళ్ల గొట్టాన్నే చూస్తున్నాడు.

కోడలికి మాత్రం గుండెల మీంచి బరువు దిగింది. ఇల్లు పోయింది, నిజమే. అత్తకి ఎలా చెప్పాలో తెలియదు, మొగుడికి ఎలా చెప్పాలో అంతకన్నా తెలియదు. కానీ సాయంత్రం ఈయన సంఘంలో దొంగలా నిలబడక్కర్లేదు. గొట్టాలు రెండూ బల్ల మీద పెడితే చాలు, నోరెత్తేవాడు ఉండడు.

"అమ్మాయ్, ఇవి ఆ గడ్డలేనా?" అన్నాడు మేస్త్రీ. "జల్లెడ మీద నిలిచినవేనా?"

"అవే మామయ్యా."

"నిన్న వాళ్లావిడ చెప్పింది చూడు, గది మధ్యలో నేల ఉబ్బిందని. నాకు బయటికి వినబడింది. ఉబ్బిందనే కదా అంది?"

"ఉబ్బిందనే చెప్పింది. మట్టి నీళ్లు తాగితే అంతే కదా."

"జల్లెడ పట్టాక మేం గడ్డలు ఎక్కడ పోస్తామో తెలుసా నీకు?"

కోడలికి తెలియదు. పరీక్షలు చేసేవాళ్లకి కట్టడం తెలియదు, కట్టేవాళ్లకి పరీక్ష తెలియదు. మధ్యలో ఇళ్లు లేస్తుంటాయి.

"పునాది గోడలు లేపాక బేస్‌మెంట్ నింపాలి. గోడల మధ్య గుల్లంతా పూడ్చి, దాని మీద నేల వెయ్యాలి. తవ్వి తీసిన మట్టే పోస్తాం. మెత్తటిది పైకి, చదునుకి. గడ్డలు కిందకి. రాళ్లలా గట్టిగా ఉన్నాయి కదా, బలం అనుకున్నాం." ఆగాడు. "అనుకున్నాం ఏంటి, నేనే చెప్పాను. నా నోటితోనే చెప్పాను, గడ్డలన్నీ బేస్‌మెంట్‌లో పొయ్యండిరా, బలంగా ఉంటుంది అని. దర్జీ తమ్ముడింటికి చాలక, పక్క స్థలంలోవి కూడా ఏరించి పోయించాను. మనవాడు కదా అని."

కోడలు కళ్లముందు ఆ నేల కింద ఏం జరిగిందో ఒక్కసారిగా కనబడింది. ఊరికే వదిలేసి ఉంటే ఆ బంకమట్టి ఇసకలో కలిసి పలచగా పడి ఉండేది. గోడకి పగులు వచ్చేదేమో, తలుపు పట్టేసేదేమో, అక్కడితో పోయేదేమో. ఈయన దాన్ని జల్లించి, ఏరి, చిక్కగా చేసి, ఇంటి కడుపులో దట్టించాడు. ప్రేమతో దట్టించాడు. వాన నీళ్లు దిగగానే అది గోడల్ని లోపల్నుంచి తన్నింది.

"నా ఇంటి కిందా?" అన్నాడు దర్జీ, చాలా మెల్లిగా.

"నీ ఇంటి కిందే కాదు తమ్ముడూ. ఆ వరసలో నేను కట్టిన ప్రతి ఇంటి కిందా."

కిటికీ బయట గాలి లేచింది. మేస్త్రీ తాపీ సంచి భుజాన వేసుకుని లేచాడు. నిన్న పొద్దున చేతులు చూసుకుంటూ కూర్చున్న మనిషి కాదు. నిటారుగా ఉన్నాడు.

"వానలు దగ్గరకొచ్చాయి. ఇవాళే చెప్పాలి. ఆ ఇళ్లలో పిల్లలున్నారు."

"చెప్దాం మామయ్యా" అంది కోడలు. "మట్టి అని చెప్దాం. గొట్టాలు నేను తెస్తాను."

"మట్టి అంటే ఎవడూ ఇల్లు వదలడమ్మా. అందరి కిందా ఉండేది మట్టే కదా అంటారు. బేస్‌మెంట్‌లో నేనేం పోశానో చెప్తేనే కదులుతారు."

"కదిల్తే మీ మీదికే కదులుతారు!" ఆమె అడ్డంగా వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ ఇంటికి కోడలిగా వచ్చాక మామగారి చెయ్యి పట్టుకోవడం ఇదే మొదటిసారి. "నిన్నటిదాకా ఒక గోడకే మిమ్మల్ని బతకనివ్వలేదు. ఇప్పుడు వరసంతా అంటే ఊరుకుంటారా? అత్తయ్యని ఉండనిస్తారా ఈ ఊళ్లో? మీరు తెలిసి చెయ్యలేదు. ఆ గడ్డలే గోడని తోశాయన్న సంగతి మన ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు. బేస్‌మెంట్ మాట ఎత్తకండి మామయ్యా. మట్టి అనండి. అంతే చాలు."

మాట బయటికి వచ్చేశాకగానీ ఆమెకి వినబడలేదు, తానేమందో. నిజం తేలాలని మామ ఎదుట ముందురోజు చెయ్యి చాచిన మనిషే ఈ మాట అంది.

దర్జీ బెంచీ మీంచి లేచాడు. కింద పడిన టేపు తీసి మెడలో వేసుకున్నాడు. తలుపు దగ్గరికి నడిచి, మూసి, గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"ఏ మాట ఎత్తొద్దన్నావు అమ్మాయ్?" అన్నాడు. "ఇంకోసారి అను."